టమాటా నీళ్ళు, బ్రెడ్డు ముక్క

శ్రోతలకు నమస్కారం.

ఒక చేతిలో జ్యూస్ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. పార్టీలో ఇలా నిలబడ్డ మనిషికి తినడానికి ఏం పెట్టగలం? ఫోను జేబులో వేసుకుని, రెండు వేళ్ళతో తీసుకుని, చొక్కా మీద పడకుండా ఒకటి రెండు కొరుకుల్లో ముగించేదే పెట్టాలి. ఫింగర్ ఫుడ్ అంటున్నది దీన్నే. ఈ విషయంలో ఇటలీ వాళ్ళది పాత చెయ్యి. వెనిస్ సందుల్లో బాకరో అనే చిన్న చిన్న వైన్ అంగళ్ళుంటాయి. అక్కడ గాజు బీరువాలో బ్రెడ్డు ముక్కల మీద చేప ముద్ద, ఉల్లిపాయలతో పుల్లగా ఊరబెట్టిన సార్డిన్ చేపలు, ఆలివ్‌లు వరసగా పేర్చి పెడతారు. వాటిని చిక్కెట్టి అంటారు. కుర్చీ కోసం ఎవరూ చూడరు. నిలబడే తింటారు, కబుర్లు చెప్పుకుంటారు, పక్క అంగడికి పోతారు.

నేను హైదరాబాదులో చిన్న స్థాయిలో కేటరింగ్ చేస్తాను. ముప్పై మంది నుంచి వంద మంది దాకా. ఈమధ్య నిశ్చితార్థాలకీ పుట్టినరోజులకీ "స్టార్టర్స్ మాత్రం ఇటాలియన్ పెట్టండి మేడమ్" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. చెయ్యడం కష్టం కాదండీ. ఇబ్బందంతా తడితోనే. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను.

నా మొదటి పెద్ద ఆర్డరు 60 మందికి. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పార్టీ. పిలుపు 7 గంటలకి. నేను బుద్ధిమంతురాలిలా ఆరింటికల్లా 120 బ్రుస్కెట్టాలు, అంటే టమాటా ముక్కలు పెట్టిన కాల్చిన బ్రెడ్డు ముక్కలు పేర్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి కూర్చున్నాను. మన జనం ఏడంటే ఎప్పుడొస్తారో తెలిసి కూడా! మొదటి కుటుంబం మెట్లెక్కేసరికి ఎనిమిది దాటింది. కవరు తీసి ఒక ముక్క పట్టుకుంటే టీలో ముంచిన రస్కులా మధ్యకు వంగిపోయింది. టమాటా ముక్కలు జారి ట్రేలో పడ్డాయి. పెళ్ళికూతురి మేనత్తగారు ఒకటి తిని, "ఏంటమ్మాయ్, టమాటా పచ్చడికి తాలింపు పెట్టడం మర్చిపోయావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్రుస్కెట్టా అన్నాను కదా, చాలామంది బ్రుషెట్టా అంటారు. ఇటాలియన్ పలుకుబడిలో అది 'స్కె'నే. బ్రుస్కారే అంటే రోమ్ ప్రాంతం మాటల్లో నిప్పుల మీద కాల్చడం. అసలు వంటకంలో టమాటాయే లేదు. బ్రెడ్డు కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లుతారు. అంతే. టస్కనీలో కొత్త నూనె గానుగ నుంచి వచ్చిన రోజుల్లో దాని రుచి చూడటానికి ఇప్పటికీ ఇలాగే తింటారు. మన ఇళ్ళల్లో కొత్తావకాయ కలిపిన రోజు అదే బేసిన్‌లో వేడన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెడతారే, అలాంటి సంబరమన్నమాట. టమాటా అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఐరోపాకు వెళ్ళింది. ఈ బ్రెడ్డు మీదకి ఎక్కింది ఆ తర్వాతే.

ఇక చేసే పద్ధతి. శాండ్‌విచ్ బ్రెడ్డు పనికిరాదు, అది దూదిలా ఉంటుంది. బేకరీలో బాగెట్ అనే పొడుగు బ్రెడ్డు దొరుకుతుంది. నిన్నటిదైతే ఇంకా మంచిది. వేలి మందాన ఏటవాలుగా కోసి, రెండు వైపులా నూనె రాసి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర గట్టిపడేదాకా కాల్చండి. పెనం మీదైనా సరే, మంట తగ్గించి ఓపిగ్గా కాల్చాలి. కాలిన ముక్క పైభాగం గరుకుగా ఉంటుంది. సగానికి కోసిన పచ్చి వెల్లుల్లి రెబ్బతో దాని మీద రెండుసార్లు గీస్తే తురుముపీట మీద గీసినట్టే రెబ్బ అరుగుతుంది. అరగకుండా జారిపోతోందంటే బ్రెడ్డు ఇంకా మెత్తగా ఉందని అర్థం, మళ్ళీ ఓవెన్‌లోకే. ఈ ముక్కలు పూర్తిగా చల్లారాక మూత గట్టి డబ్బాలో పెడితే మర్నాటి దాకా కరకరలాడతాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మూత పెట్టారో, వాటి ఆవిరికే అవి మెత్తబడతాయి.

టమాటాల దగ్గర కొంచెం ఆగాలి. చారుకి మనం నాటు టమాటా వెతుక్కుంటాం, పులుపు కోసం, రసం కోసం. ఇక్కడ ఆ రసమే శత్రువు. గట్టిగా కోలగా ఉండే బెంగళూరు టమాటా తీసుకోండి. సగానికి కోసి గింజల గుజ్జు వేలితో తీసేసి, సన్నగా తరిగి, ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో అరగంట వదిలేయండి. కింద గిన్నెలోకి నీళ్ళు దిగుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు పారబొయ్యకండి, వాటి సంగతి చివర్లో చెప్తాను. ఇలా ఓడ్చిన ముక్కల్లో నూనె, మిరియాల పొడి, చేత్తో తుంచిన బేసిల్ ఆకులు కలిపితే అయిపోయింది. బ్రెడ్డు మీద పెట్టడం మాత్రం అతిథి కళ్ళ ముందే. నేనిప్పుడు ముప్పై ముక్కలకు మించి ఒకేసారి పేర్చను. ఆ ట్రే ఖాళీ అవుతుండగా తర్వాతది.

బేసిల్ అంటే తులసే కదా అని ఒకరు పూజ కోట దగ్గర కోసుకొచ్చి ఇచ్చారు నాకు! రెండూ ఒకే కుటుంబం, నిజమే, కానీ వాసన వేరు. మన తులసి వేస్తే కషాయం గుర్తొస్తుంది. ఇటలీ వాళ్ళు వాడేదానికి మన రుద్రజడ దగ్గరి చుట్టం. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే.

రెండోది కాప్రీ పేరు మీద వచ్చిన కాప్రేసే. నేపుల్స్ ఎదురుగా సముద్రంలో ఉన్న ద్వీపం కాప్రీ. టమాటా, మొజరెల్లా అనే మెత్తటి జున్ను (చీజ్), బేసిల్, అంటే ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, ఇటలీ జెండా రంగులు. ఆ ప్రాంతంలో పేరున్న మొజరెల్లా గేదె పాలతోనే చేస్తారు, ఈ మాట చెప్తే మనవాళ్ళు ఎంత సంతోషిస్తారో. పుల్లకు గుచ్చడానికి గోలీల్లాంటి చిన్న ఉండలు నీళ్ళలో వేసి ప్యాకెట్లలో అమ్ముతారు. వాటిని తీసి, శుభ్రమైన గుడ్డ మీద దొర్లించి, తడి అద్దాకే గుచ్చాలి. చెర్రీ టమాటా, మడిచిన ఆకు, ఉండ. ఉప్పు ముందే చల్లితే జున్ను నీరు కారుస్తుంది, కాబట్టి ట్రే బయటికి వెళ్ళేటప్పుడే చల్లండి. పాల పదార్థం కదా, ఫ్రిజ్ బయట రెండు గంటలు దాటనివ్వకండి. మే నెలలో టెర్రస్ మీదైతే గంట కూడా ఎక్కువే.

జున్ను మాట వచ్చింది కాబట్టి శాకాహారులకు ఒక్క విషయం. పార్మిజానో రెజ్జానో అనే అసలైన ఇటలీ జున్ను కోసం పాలను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఇక్కడ ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్లలో ఆ రెన్నెట్ ఉండదు. ప్యాకెట్ తిప్పి చూడందే నేను కొనను. ఇంట్లో పెద్దవాళ్ళు నమ్మి తింటారు మరి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సిసిలీ ద్వీపం వాళ్ళ అన్నం ఉండలు, అరాంచీనీ. అరాంచా అంటే నారింజ, వేయించాక ఆ రంగులో ఉంటాయి కనుక ఆ పేరు. పలెర్మో ఊళ్ళో స్త్రీలింగంలో అరాంచీనా అంటారు, గుండ్రంగా చుడతారు. కటానియాలో పుంలింగంలో అరాంచీనో అంటారు, ఎట్నా అగ్నిపర్వతంలా మొన తేల్చి చేస్తారు. ఏది సరైన పేరన్న గొడవ ఇంతవరకూ తెగలేదు. మనకైతే చూడగానే పూర్ణం బూరెలే గుర్తొస్తాయి.

వంటవాళ్ళు పాత బియ్యం అడుగుతారు, పొడిపొడిగా రావాలని. దీనికి మాత్రం కొత్త బియ్యమే కావాలి. పెళ్ళి వంటలో తిట్లు తినే ముద్దన్నం ఇక్కడ కావలసిన గుణం. కూరగాయలు ఉడికించిన నీళ్ళలో, కాస్త కుంకుమపువ్వు వేసి, నీళ్ళన్నీ ఇంకేదాకా ఉడకనివ్వండి. పసుపు వెయ్యకండి, పులిహోర అయిపోతుంది. దించాక వెన్న, జున్ను తురుము కలిపి, లోతు లేని పళ్ళాల్లో పలుచగా పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడన్నం గిన్నెలోనే గంటల తరబడి వదిలేస్తే క్రిములు పెరుగుతాయి, అది కడుపుకి మంచిది కాదు. మర్నాడు తడి చేత్తో నిమ్మకాయంత తీసుకుని, గుంట చేసి, ఉడికిన బఠాణీలూ ఒక మొజరెల్లా ముక్కా పెట్టి మూసేయాలి. కిలో బియ్యానికి 60 పైచిలుకే వస్తాయి. గుడ్డు అక్కర్లేదు. సిసిలీలో కూడా చాలాచోట్ల మైదా నీళ్ళ జారుడు పిండిలో ముంచి, బ్రెడ్డు పొడిలో దొర్లిస్తారు. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. పొగ రాకూడదు, పిండి చుక్క వేస్తే వెంటనే పైకి తేలాలి.

ఇక్కడా తడి గొడవే. వేయించినవి హాట్‌ప్యాక్‌లో వేసి మూత పెట్టడం మన అలవాటు. పది నిమిషాల్లో పైపొర తోలులా సాగుతుంది. జల్లి గంప మీదో, జాలీ స్టాండు మీదో ఆరనిచ్చి, వడ్డించే ముందు ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే మళ్ళీ కరకరలాడతాయి.

తర్వాత భోజనం ఉంటే మనిషికి ఐదారు ముక్కలు చాలు. భోజనం లేకపోతే పది పన్నెండు వెయ్యాలి. రకాలు నాలుగు దాటితే వంటగదిలో టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

అన్నట్టు ఆ టమాటా నీళ్ళు. రాత్రి పదకొండింటికి అతిథులు వెళ్ళిపోయాక, ట్రేలు కడుగుతున్న మా పిల్లలు ఇటలీ తిండి వైపు కూడా చూడరు. "అక్కా, చారు పెట్టావా?" అంటారు. ఆ నీళ్ళలో చింతపండు, మిరియాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి మరిగించి, నెయ్యితో తాలింపు పెడతాను. వేడన్నం కుక్కర్‌లో ఉంటుంది. అందరం టెర్రస్ మీదే కింద కూర్చుని తింటాం.