మిస్సోరి పుట్టిన గట్టుకు అవతల: లూయిస్, క్లార్క్‌ల యాత్ర

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. 1803లో అమెరికా ప్రభుత్వం ఫ్రాన్స్ నుంచి లూసియానా భూభాగాన్ని కోటిన్నర డాలర్లకు కొనుగోలు చేసింది. ఆ నేల ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికే సైనికాధికారులు లూయిస్, క్లార్క్‌ల నాయకత్వంలో ఒక బృందాన్ని పంపించారా?

మాస్టారు: కొంతవరకు నిజమే అమ్మా. అయితే ఆ కొనుగోలు కుదరకముందే, ఆ ఏడాది జనవరిలోనే, అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఈ యాత్రకు నిధులు కోరుతూ కాంగ్రెస్‌కు రహస్యంగా లేఖ పంపారు. మిస్సోరి నది వెంట ఎగువకు వెళ్లి, కొండలు దాటి, పసిఫిక్ తీరానికి చేర్చే జలమార్గం దొరుకుతుందని ఆయన ఆశ. మిస్సోరికి, అవతల పసిఫిక్ వైపు పారే నదికి మధ్య చిన్న గట్టు ఒక్కటే అడ్డు ఉంటుందని, దాన్ని సులువుగా దాటవచ్చని అప్పటి భూగోళవేత్తలు ఊహించుకున్నారు.

వ్యాఖ్యాత: ఆ ఊహ ఎప్పుడు కూలింది?

మాస్టారు: 1805 ఆగస్టు 12న. లూయిస్ మరికొందరితో ముందుగా నడిచి, ఇప్పుడు లెమ్హీ కనుమ అని పిలిచే చోటికి ఎక్కారు. అక్కడి నుంచి పడమటికి చూస్తే మైదానమూ లేదు, మహానదీ లేదు. మంచు కప్పిన కొండలు ఒకదాని వెనుక ఒకటిగా కనిపించాయి. పడవలతో సాగే ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. గుర్రాలు దొరకకపోతే చలికాలం ముంచుకువచ్చేలోగా ఆ కొండలు దాటడం అసాధ్యం. గుర్రాలు ఉన్నవారు అక్కడి మూలవాసులైన షొషోనీ ప్రజలు.

వ్యాఖ్యాత: సకాజవియా పాత్ర అక్కడే కదండీ?

మాస్టారు: అవునమ్మా. ఆమె షొషోనీ బిడ్డ. చిన్నతనంలో హిడాట్సా అనే మరో తెగ యోధులు ఆమెను ఎత్తుకుపోయారు. తరువాత ఫ్రెంచి వర్తకుడు షార్బొన్నోకు భార్య అయింది. యాత్రకు బయలుదేరేనాటికి ఆమె చంకలో రెండు నెలల పసివాడు. ఆగస్టు 17న షొషోనీ నాయకుడు కామియావెయిట్‌ను చూసి, ఆయన తన అన్న అని గుర్తుపట్టింది. బేరం ఎలా నడిచిందో చూడండి: షొషోనీ మాటను ఆమె హిడాట్సాలో భర్తకు చెబితే, ఆయన ఫ్రెంచిలో చెప్పేవాడు, మరొకరు దాన్ని ఇంగ్లీషులో నాయకులకు వినిపించేవారు. ఆ మాటల గొలుసులో ఏ కొస తెగినా యాత్ర అక్కడే ఆగిపోయేది.

వ్యాఖ్యాత: అంటే, ఈ యాత్రను తెలియని నేలలోకి వేసిన అడుగుగా చెప్పడం సరికాదంటారా?

మాస్టారు: తూర్పు తీరం వారికి తెలియని నేల అనండి, ఒప్పుకుంటాను. 1804 చలికాలమంతా మాండన్, హిడాట్సా గ్రామాల పక్కన గడిపినప్పుడు క్లార్క్ చేసిన ముఖ్యమైన పని, ముందున్న నదులను గురించి వారిని అడిగి పటం గీసుకోవడం. తరువాతి జూన్‌లో నది రెండుగా చీలినచోట దాదాపు అందరూ ఉత్తరపు పాయే మిస్సోరి అన్నారు. నాయకులిద్దరూ దక్షిణపు పాయను ఎంచుకున్నారు. అందులో నీరు తేటగా ఉండడం ఒక కారణమైతే, దారిలో పెద్ద జలపాతాలు వస్తాయన్న హిడాట్సాల మాట మరొక ఆధారం. లూయిస్ ముందుకు నడిచి వెళితే ఆ జలపాతాలు నిజంగానే ఎదురయ్యాయి. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం అదే.

వ్యాఖ్యాత: అక్కడి ప్రజల మాట వినకపోయిన సందర్భాలు లేవా?

మాస్టారు: ఉన్నాయి. 1805 సెప్టెంబరులో బిటర్‌రూట్ కొండలలోని లోలో దారిలో ఆకలికి తమ గుర్రపు పిల్లలనే తిని, బక్కచిక్కి అవతలికి చేరితే, నెజ్ పెర్స్ ప్రజలు చేపలు, కామస్ దుంపలు పెట్టి బతికించారు. యాత్రికులు పసిఫిక్ తీరం చేరి తిరిగి వచ్చేదాకా వాళ్ల గుర్రాలను కూడా చూసుకున్నారు. 1806లో మంచు కరిగేదాకా ఆగమని నెజ్ పెర్స్ పెద్దలు చెప్పినా, తొందరపడి జూన్‌లోనే కొండ ఎక్కి, దారి కనిపించక వెనక్కి దిగవలసి వచ్చింది. ఆ తెగ యువకులు దారి చూపిన తరువాత అదే కొండను ఆరు రోజులలో దాటారు.

వ్యాఖ్యాత: ఆ మేలుకు వారికి దక్కిందేమిటి మాస్టారూ?

మాస్టారు: చెప్పడానికి బాధగా ఉంటుందమ్మా. 1814లో అచ్చయిన క్లార్క్ పటం పడమటికి వెళ్లే వర్తకులకు ఆధారమైంది, వారి వెనుక వలసదారులు వచ్చారు. 1877లో తమ నేల వదిలిపొమ్మన్న అమెరికా సైన్యం తరుముతుంటే, నెజ్ పెర్స్ కుటుంబాలు ముసలివారిని, పిల్లలను వెంటబెట్టుకుని ఆ లోలో దారినే తూర్పుకు పారిపోయాయి.