నూటొక్క కార్ల కంపెనీ

అందరికీ నమస్కారం.

జర్మన్ స్పోర్ట్స్ కారు అనగానే మనకు పోర్షే గుర్తొస్తుంది. నేను ఈ రోజు మాట్లాడబోయే కంపెనీ పదేళ్లలో రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు చేసింది మొత్తం 101. పేరు మెల్కుస్, ఊరు డ్రెస్డెన్, దేశం అప్పటి తూర్పు జర్మనీ. ట్రబాంట్ లాంటి మామూలు కారు కోసమే జనం ఏళ్ల తరబడి ఎదురుచూసిన దేశమది. అలాంటి చోట స్పోర్ట్స్ కారు తయారు చేయాలన్న ఆలోచన రావడమే గొప్ప.

హైంజ్ మెల్కుస్ 1928లో పుట్టారు. డ్రెస్డెన్‌లో డ్రైవింగ్ స్కూలు నడిపేవారు, రేసుల్లో పోటీ చేసేవారు. మంచి రేసు కారు కొందామంటే అక్కడ దొరకదు. అందుకే తానే తయారు చేసుకున్నారు, తర్వాత తోటి డ్రైవర్లకూ చేసిపెట్టారు. 1969లో తూర్పు జర్మనీ ఏర్పడి 20 ఏళ్లు. ఆ ఉత్సవాల సందర్భాన్ని చూసుకుని, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు ప్రభుత్వ మద్దతు సంపాదించారు. అదే ఆర్‌ఎస్ 1000.

నాకు ఈ కారులో అన్నిటికన్నా నచ్చేది దాని లోపలి అమరిక. ఐసెనాఖ్‌లో తయారయ్యే వార్ట్‌బర్గ్ 353 అనే ఫ్యామిలీ కారు విడిభాగాలే మెల్కుస్‌కు దిక్కు. వార్ట్‌బర్గ్‌లో ఇంజిన్ ముందు చక్రాల ఇరుసుకు ముందు ఉంటుంది, గేర్‌బాక్స్ దాని వెనక. ఈ మొత్తం సెట్టును అలాగే ఎత్తి వెనక చక్రాల దగ్గర పెడితే? ఇంజిన్ సరిగ్గా వెనక ఇరుసుకు ముందు, సీట్ల వెనక వచ్చి కూర్చుంటుంది. రేసు కార్లకు కావాల్సిన మిడ్ ఇంజిన్ అమరిక అదే! పైగా వార్ట్‌బర్గ్‌కు విడిగా ఛాసిస్ ఉండేది కాబట్టి, దాని మీద వేరే బాడీ బిగించడానికి వీలయింది. ఆ బాడీ ఫైబర్ గ్లాసుది, తలుపులేమో పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి.

ఇంజిన్ 992 సీసీ, మూడు సిలిండర్ల టూ స్ట్రోక్. బంకులో స్కూటర్‌కు పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ పోయించుకున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. అదే జాతి ఇంజిన్, అదే నీలం పొగ. టూ స్ట్రోక్ అనగానే తేలిగ్గా తీసేయకండి. ఇందులో ఇంజిన్ తిరిగే ఒక్కో చుట్టుకు ప్రతి సిలిండర్‌లో ఇంధనం ఒకసారి మండుతుంది. అంటే మూడు సిలిండర్లున్నా, ఒక చుట్టులో ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఎన్నిసార్లు మండుతుందో ఇదీ అన్నిసార్లే. మామూలు వార్ట్‌బర్గ్‌లో 50 హార్స్ పవర్ ఇచ్చే ఈ ఇంజిన్‌కు మెల్కుస్ సిలిండర్‌కొకటి చొప్పున మూడు కార్బురేటర్లు పెట్టి 70 దాకా లాగారు. కారు బరువు ఏడు వందల కిలోల లోపే, అందుకే గంటకు 165 కిలోమీటర్ల వేగం అందుకునేది.

ధర దాదాపు 30 వేల తూర్పు జర్మనీ మార్కులు. డబ్బుంటే సరిపోదు, మోటార్ స్పోర్ట్‌తో సంబంధం కూడా ఉండాలి. 1979లో తయారీ ఆగిపోయింది.

జర్మనీ మళ్లీ ఒకటయ్యాక కుటుంబం బీఎండబ్ల్యూ కార్లు అమ్మింది. హైంజ్ 2005లో కన్నుమూశారు. కొడుకు, మనవడు ఆయన పేరు నిలబెట్టాలని 2009లో ఆర్‌ఎస్ 2000 తెచ్చారు. ఈసారి ఇంజిన్ ఫోక్స్‌వాగన్ గ్రూపుది, టర్బోతో. కారు బాగానే ఉంది, ధర మాత్రం లక్ష యూరోలు దాటింది. 2012లో కంపెనీ దివాలా తీసింది.

నన్నడిగితే, లోపం మనవడి పనితనంలో లేదు. ఆర్‌ఎస్ 1000కు సొంత దేశంలో పోటీయే లేదు. ఆర్‌ఎస్ 2000 కొనాలనుకున్నవాడు అదే డబ్బు పట్టుకుని నేరుగా పోర్షే షోరూమ్‌కు వెళ్లగలడు. ఇక పాత ఆర్‌ఎస్ 1000ల సంగతికొస్తే, వాటిని కాపాడుకుంటున్నవాళ్లు జర్మనీలో ఇప్పటికీ ఉన్నారు. పాతకాలపు కార్ల రేసుల్లో అవి ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.