మాక్సిమా అడిగే ప్రశ్న మన పరీక్ష అడుగుతుందా?

నమస్కారం. గుంటూరు, విజయవాడ కళాశాలల్లో గణితం చెప్పే అధ్యాపకుల దగ్గర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్, మాట ఎత్తితే, చర్చ చాలాసార్లు లైసెన్సు ఖర్చుతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఖర్చు చిన్న విషయమని నేను అనను; ల్యాబ్‌లో వాడిన సాఫ్ట్‌వేరే హాస్టల్ గదిలోని పాత ల్యాప్‌టాప్‌లోనూ పైసా కట్టకుండా నడవడం విద్యార్థికి పెద్ద వెసులుబాటే. అయితే పాఠం చెప్పేవారికి కలిగే అసలు లాభం వేరే ఉంది.

బీజగణితం, కలనగణితం లెక్కలను అక్షరాలతోనే చేసిపెట్టే మాక్సిమా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. 1968లో ఎం.ఐ.టి.లో మొదలైన ఒక గణిత వ్యవస్థ నుంచి ఇది పుట్టింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం షెల్టర్ ఆ కోడ్‌ను 1982 నుంచి కాపాడుకుంటూ వచ్చి, 1998లో దానిని, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జి.పి.ఎల్. లైసెన్సు కింద విడుదల చేయడానికి అనుమతి సాధించారు. ఇందులో ఎక్స్ పవర్ ఎన్‌ను సమాకలనం చేయమని అడిగితే, అది వెంటనే జవాబు ఇవ్వదు. ఎన్ విలువ మైనస్ ఒకటా, కాదా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. కాదంటే మనందరికీ నోటికి వచ్చిన సూత్రం ఇస్తుంది, అవునంటే లాగరిథమ్ ఇస్తుంది. ఇంటర్‌లో ఆ సూత్రం పక్కనే ఉన్న షరతును చూసీ చూడనట్టు దాటేసిన విద్యార్థి, దానికి జవాబు చెబితే తప్ప ఇక్కడ ముందుకు కదలలేడు. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా కలగని పట్టింపు ఇక్కడ కలుగుతుంది.

అలాగే సంఖ్యలతో లెక్కలు చేసే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో 0.1, 0.2 కలిపి 0.3తో పోల్చి చూడండి, సమానం కాదంటుంది. అదే లెక్కను 2005లో విలియం స్టెయిన్ ప్రారంభించిన సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో భిన్నాలుగా రాస్తే సమానమంటుంది. ద్విసంఖ్యామానంలో దశాంశాలు ఎందుకు తెగవో చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రారంభం నాకు తెలియదు. పైగా సేజ్‌లో ఫంక్షన్ పేరు తరువాత రెండు ప్రశ్నార్థకాలు పెడితే దాని సోర్స్ కోడ్ తెర మీదికి వస్తుంది. జవాబు ఎలా వచ్చిందని విద్యార్థి అడిగితే, 'లోపల ఏదో చేస్తుందిలే' అని తప్పించుకునే అవకాశం అధ్యాపకుడికి ఉండదు.

చిక్కంతా పరీక్షలో ఉంది. ప్రోగ్రామును రికార్డులో అందంగా ఎక్కించి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు అదే కమాండును తప్పు లేకుండా టైపు చేస్తే మార్కులు పడిపోయేటట్లయితే, సాఫ్ట్‌వేర్ ఉచితమైనా కాకపోయినా ఒకటే. చదువులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకాన్ని పెంచడానికి ఐ.ఐ.టి. బాంబే వారు నడిపే ఫాసీ ప్రాజెక్టులో విద్యార్థులు పాఠ్యపుస్తకంలోని సాధించిన ఉదాహరణలను సైలాబ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో రాసి అందరికీ అందుబాటులో పెడతారు. రికార్డు కంటే అది ఎంతో నయం. చేతితో సమాకలనం చేయడం రాని విద్యార్థికి మాత్రం ముందు కాగితమే ఇవ్వాలి, ఆ విషయంలో నేను పాతకాలం మనిషినే. ఆ తరువాత ప్రాక్టికల్‌లో కమాండు, అవుట్‌పుట్ రెండూ అచ్చువేసి ఇచ్చి, మాక్సిమా ఆ ప్రశ్న ఎందుకు వేసిందో నాలుగు వాక్యాల్లో రాయమని అడగవచ్చు. దానికి ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్లు కూడా అక్కర్లేదు.