ఎన్ని సెకన్లకి ఆగింది? ఆన్ అయి ఆగిపోయే డెస్క్‌టాప్ సంగతి

(తెర మీద: పాత క్యాబినెట్. వేలు పవర్ బటన్ నొక్కుతుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, లైటు వెలుగుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... టప్.)

చూశారుగా. నొక్కాను, ఫ్యాన్లు తిరిగాయి, నాలుగు లెక్కపెట్టేసరికి ఆగిపోయింది. ఇది మా బావ సిస్టమ్. ఊళ్లో జిరాక్స్ షాపు ఆయనది. పరీక్ష ఫీజులు కట్టే రోజుల్లో, షాపు నిండా పిల్లలు నిలబడి ఉండగా మొరాయించింది. రిపేరుకి పట్టుకెళ్తే ఒకాయన పక్క డోరు కూడా తీయకుండా “మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే” అన్నాడట. పోలేదండి. ఏమైందో చివర్లో చూపిస్తాను.

ఇలాంటి కేసుతో ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఆన్ చేశాక ఎంతసేపు ఉంది? రెండు సెకన్లా, పది నిమిషాలా, గేమ్ తెరిచేదాకా బాగానే ఉందా? స్క్రూడ్రైవర్ తీసేముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. మూడు నాలుగుసార్లు ఆన్ చేసి టైము రాసుకోండి.

ఇంకో మాట. ఆగడమంటే నిజంగా ఆగుతోందా? నీలం తెర వచ్చి మళ్లీ దానంతట అదే మొదలైతే అది రీస్టార్ట్. డ్రైవర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, దాని దారి వేరు. లైటు మిణుకుమిణుకుమంటూ ఉండి, కీబోర్డు తడితే లేస్తే అది నిద్రపోయింది, అంతే. నవ్వకండి, దీనికోసం సిస్టమ్ మోసుకొచ్చినవాళ్లని చూశాను.

(తెర మీద: టేబుల్ కింద యూపీఎస్, దాని వెనక చిక్కుపడిన వైర్లు.)

ముందు పెట్టె బయట చూద్దాం. యూపీఎస్ పక్కన పెట్టేసి, సిస్టమ్ ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. జంక్షన్ బాక్స్ కూడా వద్దు. ఇప్పుడు ఆగకుండా నడిస్తే దొంగ దొరికినట్టే. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. లోపలుండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లకి నీరసపడుతుంది. కరెంటు పోయిన క్షణంలోనే సిస్టమ్ ఆగిపోతుంటే ముందు ఆ బ్యాటరీ మార్చండి. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించారా? తీసేయండి. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. పవర్ కేబుల్ రెండు చివర్లూ గట్టిగా నొక్కండి, వీలైతే మానిటర్ కేబుల్‌తో మార్చి చూడండి. రెండూ ఒకటే రకం.

అయినా ఆగుతోందా? అయితే లోపలికి వెళ్దాం. సాకెట్ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. సిస్టమ్ ఆపి ఉన్నా ప్లగ్గు ఉన్నంతసేపూ మదర్‌బోర్డులో 5 వోల్టులు పారుతూనే ఉంటాయి. అందుకే ఈ జాగ్రత్త. క్యాబినెట్ తాకితే సన్నగా జివ్వుమంటోందంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని. దాని సంగతి ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

(తెర మీద: తెరిచిన క్యాబినెట్. దుమ్ము. ఫ్యాన్ రెక్కల మీద బూజు.)

ఇక టైము సంగతి. ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోతుంటే, ఎక్కడో షార్ట్ అవుతోంది, లేదా ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా) తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంటోంది. కొత్తగా బిగించిన సిస్టమ్ అయితే మదర్‌బోర్డుని క్యాబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి ఉంచే ఇత్తడి స్పేసర్లు చూడండి. బోర్డుకి రంధ్రం లేని చోట ఒక స్పేసర్ మిగిలిపోతే అది బోర్డు అడుగున తగులుకుంటుంది. ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ పెట్టడం మరిచిపోవడమూ మామూలే. పాత సిస్టమ్ అయితే టార్చి వేసి వెతకండి. జారిపడిన స్క్రూ, చీమల బారు, చచ్చిన బల్లి, ఏదైనా ఉండొచ్చు. మన వైపు ఇది జోకు కాదు. వెనక విరిగిపోయిన స్లాట్ రేకు ఉంటే బల్లికి అదే తలుపు.

కెపాసిటర్లు చూడండి, చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి. వాటి నెత్తి చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డుకి రోజులు దగ్గరపడ్డట్టే. 2000ల తొలినాళ్లలో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతా బోర్డులు ఇలాగే పోయాయి.

తర్వాత అన్నీ పీకేయడమే. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, యూఎస్‌బీ తగిలింపులు అన్నీ. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్, అంతే మిగలాలి. ర్యామ్ బంగారు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, క్లిక్కుమనేదాకా నొక్కండి. ఇప్పుడు నిలబడితే ఒక్కోటీ తిరిగి పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే ఆగిందో అదే.

డీడీఆర్5 ర్యామ్‌తో కొత్త సిస్టమ్ కట్టుకున్నవాళ్లు మాత్రం టెన్షన్ పడకండి. మొదటిసారి బోర్డు ర్యామ్‌ని పరిచయం చేసుకుంటూ నల్లతెరతో కొన్ని నిమిషాలు ఉంటుంది, మధ్యలో తానే ఆగి లేస్తుంది కూడా. వదిలేయండి, వెళ్లి టీ తాగి రండి.

(తెర మీద: బయాస్ తెర, ప్రాసెసర్ వేడి చూపే అంకె పెరుగుతూ.)

కొన్ని నిమిషాలు నడిచి ఆగుతోందంటే నా అనుమానం వేడి మీద. దీనికి మంచి పరీక్ష ఉంది. విండోస్‌లోకి వెళ్లకుండా బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) ఆపి, ప్రాసెసర్ వేడి అంకె చూస్తూ కూర్చోండి. 40, 50 దగ్గర నిలబడితే సరే. 70, 80, 90 అంటూ ఎక్కుతూనే ఉంటే కూలర్, అంటే ప్రాసెసర్ మీద దాన్ని చల్లబరిచే ఫ్యాన్ సెట్టు, సరిగా తాకడం లేదనే అనుమానించాలి. వంద డిగ్రీల చుట్టుపక్కలకి చేరితే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే కాలిపోకుండా సిస్టమ్‌నే ఆపేస్తుంది. ఆగిపోవడం ఇక్కడ జబ్బు కాదు, మందు.

ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. సిస్టమ్‌ని బండి మీద పెట్టుకుని గతుకుల రోడ్డులో తెచ్చారా, ఒక కాలు ఊడి ఉంటుంది. నాలుగూ లాగి చూడండి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారితే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు, అది నూనె కాదు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి.

ఇంకో లాభం: బయాస్‌లో ఉండగా కూడా ఆగిపోయిందంటే విండోస్ తప్పు లేదని తేలింది. ఊరికే ఫార్మాట్ కొట్టకండి. విండోస్ తన చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. అది చెప్పేది ఒక్కటే, పోయినసారి సరిగా షట్‌డౌన్ కాలేదని. ఎందుకో చెప్పదు. కరెంటు పోయినా అదే రాస్తుంది.

(తెర మీద: ఎస్‌ఎమ్‌పీఎస్ చేతిలో.)

మామూలు పనికి బాగుండి, గేమ్ పెట్టగానే, వీడియో ఎడిటింగ్ మొదలెట్టగానే టప్పుమంటోందా? కూలర్ బాగుంటే ఎస్‌ఎమ్‌పీఎస్‌ని పట్టుకోండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేవాటి మీద 450 వాట్లని రాసి ఉంటుంది. రాయడానికేం, కాగితమే కదా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే పేరున్నదీ, పేరులేనిదీ రెండు చేతుల్లో పట్టుకుని చూడండి, బరువే చాలావరకు చెప్పేస్తుంది.

పేపర్ క్లిప్ పరీక్ష అని ఒకటుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ తీగలన్నీ సిస్టమ్ నుంచి పీకి, ప్లగ్గు తీసి ఉండగా, 24 పిన్నుల కనెక్టర్‌లో ఒకే ఒక్క ఆకుపచ్చ తీగనీ పక్కనున్న నల్ల తీగనీ క్లిప్‌తో కలిపి, తర్వాత కరెంటు ఇస్తే ఫ్యాన్ తిరగాలి. తీగలన్నీ నల్లగా ఉంటే ఊహించి పెట్టకండి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన మంచిదని కాదు, బతికుందని మాత్రమే. మల్టీమీటర్ ఉంటే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 రావాలి. లోడ్ మీద, అంటే సిస్టమ్ గట్టిగా పనిచేసేటప్పుడు, ఎలా ఉంటుందో తెలియాలంటే స్నేహితుడి దగ్గర మంచిదొకటి అడిగి తెచ్చి మార్చి చూడడమే. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు.

బోర్డు మీద గుండ్రటి నాణెం బ్యాటరీ మార్చమని చెప్పేవాళ్లుంటారు. తేదీ, సెట్టింగులు మరిచిపోతుంటే మార్చండి. ఆగిపోవడానికి నేనైతే దాన్ని చివర్లోనే చూస్తాను.

(తెర మీద: మళ్లీ బావ సిస్టమ్. ముందు పవర్ బటన్ దగ్గరగా.)

సరే, మా బావ సిస్టమ్. ప్రతిసారీ సరిగ్గా నాలుగు సెకన్లు. మూడు కాదు, ఆరు కాదు. వేడికీ షార్టుకీ ఇంత క్రమశిక్షణ ఉండదు. మరి నాలుగు సెకన్లకి ఆపేది ఏది? పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆగుతుంది చూడండి, అది! షాపులో ఏళ్ల తరబడి టోనర్ పొడి, చేతి జిడ్డు కలిసి బటన్ లోపల ఇరుక్కుంది. నొక్కితే వెనక్కి రావడం లేదు. బోర్డు దృష్టిలో ఎవరో బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నారు.

(తెర మీద: బోర్డు మూలన చిన్న పిన్నులు. పవర్ స్విచ్ తీగ పీకుతున్న చెయ్యి.)

ఆ తీగ పీకేశాను. ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపాను. ఆన్ అయింది. ఐదు, పది, అరగంట... నడుస్తూనే ఉంది. కొత్త బటన్ కోసం వెతకలేదు. రీసెట్ బటన్ తీగ తెచ్చి పవర్ పిన్నులకి తగిలించాను, రెండూ ఒకే రకం స్విచ్‌లు కాబట్టి.

ఇప్పుడు మా బావ రీసెట్ నొక్కి షాపు తెరుస్తున్నాడు. పెద్ద బటన్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, పెన్నుతో ‘నొక్కరాదు’ అని రాసుకున్నాడు.