ఒంటి మీద రంగు తయారుచేసే బ్యాక్టీరియా

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, పట్టణవాసులు కలిసి విన్న ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పెద్దలున్నారు, వెనక మైక్రోబయాలజీ చదివే పిల్లలున్నారు. పెద్దలకు అర్థమయ్యేట్టు చెబితే పిల్లలకు ఎలాగూ అర్థమవుతుంది కాబట్టి అలాగే మొదలుపెడతాను.

గుంటూరులో నిలబడి రంగు గురించి మాట్లాడుతూ మిర్చి యార్డును వదిలేయడం కుదరదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి కాయ చేతిలోకి తీసుకున్న వ్యాపారి ముందు చూసేది రంగే. నిగనిగలాడే కాయ ధర వేరు, తాలు కాయ ధర వేరు. ఊరి చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు లేచాయంటే అందుకు ఒక కారణం కూడా రంగే. వేడికీ వెలుతురుకీ గాలికీ వదిలేస్తే ఎరుపు దిగిపోతుంది. ఆ ఎరుపులో ముఖ్యమైన పదార్థం క్యాప్సాంథిన్. అది కెరోటినాయిడ్ల కుటుంబంలోది. క్యారెట్ రంగు, టమాటా రంగు దానికి దగ్గరి చుట్టాలు. గాలిలోని ఆక్సిజన్ ఈ అణువుల మీద పడి విరగ్గొడుతుంది, విరిగాక రంగు ఉండదు.

అదే కుటుంబానికి చెందిన రంగును మన ముక్కులోనూ చర్మం మీదా బతికే కొన్ని బ్యాక్టీరియా సొంతంగా తయారుచేసుకుంటాయి. మిర్చిలో రంగు పోతే రైతుకు నష్టం. బ్యాక్టీరియాలో రంగు పోతే ఒక్కోసారి దాని ప్రాణానికే ముప్పు.

వీటిలో అందరికన్నా పేరుమోసింది స్టాఫిలోకాకస్ ఆరియస్. సెగగడ్డల్లో, పుండ్లలో చీముకు తరచుగా ఇదే కారణం. అలాగని రోగుల దగ్గరే ఉంటుందనుకోకండి. ఈ హాల్లో పది మందిని తీసుకుంటే ఇద్దరు ముగ్గురి ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా కాపురం చేస్తూ ఉంటుంది. 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ సర్జన్ చీములోని ఈ గుండ్రటి జీవులను పెంచి, రంగును బట్టి రెండుగా విడదీశాడు. బంగారు రంగులో పెరిగినవి ఆరియస్, తెల్లగా పెరిగినవి ఆల్బస్. ఆ తెల్లదాన్నే ఇప్పుడు ఎపిడెర్మిడిస్ అంటున్నాం. మనందరి చర్మం మీదా అది ఉంది, ఎక్కువగా మంచి పొరుగుదే.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మీడియాన్ని అగార్ అంటాం. మానిటాల్ సాల్ట్ అగార్ అనే రకం మీద ఆరియస్‌ను పెంచితే ప్లేటు పసుపవుతుంది. దాన్ని చూపించి "ఇదే సార్ బంగారు రంగు" అని రికార్డులో రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అది బ్యాక్టీరియా రంగు కాదు. మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాన్ని పులియబెట్టి బ్యాక్టీరియా ఆమ్లం వదిలితే, మీడియంలో మనం కలిపిన ఫినాల్ రెడ్ అనే సూచిక రంగు పసుపుకు తిరుగుతుంది. అసలు రంగు చూడాలంటే మామూలు న్యూట్రియెంట్ అగార్ మీద పెంచండి. తొందరపడి మర్నాడే పారేయకుండా ఇంకొక రోజు బయట గది వేడిలో ఉంచండి. బంగారు రంగు అప్పుడు బాగా తేలుతుంది.

ఆ బంగారు పదార్థం పేరు స్టాఫిలోజాంథిన్. క్యాప్సాంథిన్‌లో 40 కార్బన్ల గొలుసు ఉంటే దీని మూల గొలుసులో 30 ఉంటాయి. అది కణం పైపొరలో, కొవ్వులో ఇరుక్కుని ఉంటుంది. ఎందుకు ఉంటుంది? చాలాకాలం ఈ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. రంగు ఉంది, గుర్తుపట్టడానికి పనికొస్తోంది, అంతే. నాకు ఇందులో ఆశ్చర్యం అనిపించేది అదే. నూటికి పైగా ఏళ్లు దాన్ని ఒక గుర్తుగానే చూశాం తప్ప, ఆ జీవికి దానితో పనేంటని చూసింది తక్కువ.

2005లో అమెరికాలోని శాన్ డియాగో పరిశోధకులు ఆ పని చేశారు. రంగు తయారుచేసే జన్యువును తీసేసి, తెల్లబడ్డ ఆరియస్‌ను మన రక్తంలోని న్యూట్రోఫిల్స్ ముందు పెట్టారు. న్యూట్రోఫిల్ అంటే బ్యాక్టీరియాను మింగి చంపే తెల్లరక్తకణం. మింగాక దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన ఆక్సిజన్ పదార్థాలు గుమ్మరిస్తుంది. తెల్ల ఆరియస్ ఆ దెబ్బకు తేలిగ్గా చచ్చింది. బంగారు ఆరియస్ చాలావరకు బతికి బయటపడింది. రంగు అణువు ఆ ఆక్సిజన్ దెబ్బను తాను తింటోందన్నమాట. యార్డులో మిర్చికి జరిగే రసాయనమే ఇక్కడా జరుగుతోంది, కాకపోతే ఇక్కడ రంగు ఖర్చయ్యేకొద్దీ కణం మిగులుతుంది.

వాళ్లు అంతటితో ఆగలేదు. ఆక్సిజన్ దాడి చేయలేని జబ్బు ఉన్నవాళ్ల న్యూట్రోఫిల్స్‌తో కూడా ఇదే పరీక్ష చేశారు. అక్కడ తెల్లదానికీ బంగారుదానికీ తేడా కనబడలేదు. దాడే లేనప్పుడు కవచంతో పనేముంది? ఒక ప్రయోగం నమ్మదగ్గదో కాదో తేల్చుకోవడానికి ఇలాంటి ఎదురు పరీక్షే కావాలి. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి.

2008లో ఇంకో ముడి విడింది. ఈ రంగు తయారీలో మొదటి మెట్టు మీద పనిచేసే ఎంజైము, మన ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీలో ఉండే ఒక ఎంజైమును పోలి ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి అంతకుముందే పరీక్షించిన ఒక పదార్థాన్ని ఆరియస్‌కు ఇస్తే అది తెల్లగా పెరిగింది. ఎలుకల్లో ఇన్ఫెక్షన్ తగ్గింది. ఇది బ్యాక్టీరియాను నేరుగా చంపే మందు కాదు, కవచం ఊడదీసి మన కణాలకు అప్పగించే పద్ధతి. నాకు నచ్చిన ఆలోచన. అయితే ఇంట్లో కొలెస్ట్రాల్ మాత్రలు ఉన్నాయని గడ్డలకు వాడకండి, ఆ పదార్థం వేరు.

రంగే సర్వస్వం అనుకోకూడదు కూడా. 2015లో ఆరియస్‌కు దగ్గరి బంధువు ఒకదానికి ఆర్జెంటియస్ అని పేరు పెట్టారు. దానికి ఈ రంగు జన్యువులే లేవు, అయినా జబ్బు తెస్తుంది. ఆరియస్‌లోనే పాలిపోయిన రకాలుంటాయి. అందుకే ల్యాబ్‌లో కాలనీ, అంటే ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా ముద్ద, రంగు చూసి రిపోర్టు రాయరు; అది ప్లాస్మాను గడ్డకట్టిస్తుందో లేదో చూసే కోయాగ్యులేజ్ పరీక్ష చేస్తారు.

మైక్రోకాకస్ లూటియస్ అనే ఇంకో బ్యాక్టీరియా గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నిమ్మపసుపు రంగు, 50 కార్బన్ల కెరోటినాయిడ్, సాధువు. అగార్ ప్లేటు కాసేపు మూత తీసి పెడితే తరచుగా అదే వచ్చి కూర్చుంటుంది. ఇక సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చర్మం మీద ఎప్పుడూ ఉండేది కాదు, తడి ఉన్నచోట చేరుతుంది. రోజంతా అంట్లలో, బట్టల నీళ్లలో చేతులు నానేవాళ్లకు గోరు ఆకుపచ్చగా మారడం చూసుంటారు. ఆ రంగు దానిదే. దాని నీలి పదార్థం పయోసయనిన్ కవచం కాదు, పక్కవాటిని దెబ్బతీసే ఆయుధం.

ఇప్పుడు పూర్తిగా వేరే రకం రంగుకు వస్తాను. మొటిమలతో ముడిపడ్డ క్యూటిబ్యాక్టీరియం ఆక్నీస్ వెంట్రుక కుదుళ్లలో, జిడ్డులో, ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట బతుకుతుంది. అది పోర్‌ఫిరిన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ ఈ దారిలోనే పుడుతుంది. మామూలు వెలుతురులో మీకేమీ కనబడదు, అతినీలలోహిత కాంతి వేస్తే నారింజ ఎరుపులో మెరుస్తుంది. కెరోటినాయిడ్ ఆక్సిజన్ దెబ్బను ఆపుతుంది. పోర్‌ఫిరిన్ వెలుతురు పడగానే మామూలు ఆక్సిజన్‌ను ఘాటుగా మార్చి తనను తయారుచేసిన కణం మీదికే తెస్తుంది. మొటిమలకు 415 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి చికిత్స ఇస్తున్నది ఈ లక్షణాన్ని నమ్ముకునే.

2015లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఇంకో సంగతి చూశారు. బి12 విటమిన్ బయట నుంచి అందితే ఈ బ్యాక్టీరియా బి12 తయారీ తగ్గించి, ఆ ముడిసరుకును పోర్‌ఫిరిన్ల వైపు మళ్లిస్తోంది. పోర్‌ఫిరిన్లు పెరిగితే చర్మం వాచే అవకాశం పెరుగుతుంది. సూది వేయించుకున్న పది మందిలో ఒకరికి వారంలో మొటిమలు వచ్చాయి. పది మందే కాబట్టి దీన్ని పట్టుకుని ఎవరూ బి12 మానేయొద్దు. సూదులు మొదలుపెట్టాక మొటిమలు లేస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, చాలు.

చివరిది మన ఉక్కపోతకు బాగా దగ్గరిది. గజ్జల్లో, చంకల్లో, కాలివేళ్ల మధ్య గోధుమ ఎరుపు మచ్చ వస్తుంది. చూడగానే తామర అంటాం. మెడికల్ షాపులో అడిగితే స్టిరాయిడ్ కలిసిన ట్యూబ్ ఒకటి చేతిలో పెడతారు. రాసుకుంటే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. గుంటూరులోనూ విజయవాడలోనూ మే నెలలో ఈ కథ ఎన్ని ఇళ్లలో నడుస్తుందో మీకు తెలుసు. అందులో కొన్ని అసలు తామర కావు. కోరినెబ్యాక్టీరియం మినుటిసిమమ్ అనే బ్యాక్టీరియా తెచ్చే ఎరిత్రాస్మా. షుగర్ ఉన్నవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువ. తామర ఫంగస్, ఇది బ్యాక్టీరియా, మందులు వేరు. రెండింటినీ క్షణంలో విడదీసేది అతినీలలోహిత కాంతి వేసే వుడ్స్ ల్యాంప్ అనే చిన్న దీపం. గది చీకటి చేసి మచ్చ మీద వేస్తే ఎరిత్రాస్మా పగడం రంగులో వెలుగుతుంది, గజ్జల్లో వచ్చే తామర వెలగదు. ఆ వెలుగు కూడా పోర్‌ఫిరిన్‌దే.

ఒక చిక్కుంది. ఈ పోర్‌ఫిరిన్ నీళ్లలో కరుగుతుంది. మన వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే శుభ్రంగా సబ్బు పెట్టి రుద్దుకుని స్నానం చేసి, పౌడరు కూడా కొట్టుకుని మరీ బయలుదేరతారు. అలా వెళ్తే దీపం వేసినా ఏమీ వెలగకపోవచ్చు, తామరేననుకుని పంపేయొచ్చు. అలాంటి మచ్చ చూపించుకోవడానికి వెళ్లే రోజు మాత్రం స్నానం ఇంటికొచ్చాక చేయండి.