యాప్ తీసేస్తే ఖాతా పోదు

(తెరపై: ఒక ఫోను, అందులో ఒక యాప్ గుర్తును చెత్తబుట్ట వైపు లాగుతున్న వేలు)

నమస్కారం. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా ముందుగా దించుకొని పరీక్షించి చూసే వారి కోసం ఈ వీడియో చేస్తున్నాను కనుక, యాప్ అంటే ఏమిటో, దానిని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పి మీ సమయం తీసుకోను. వరంగల్, హన్మకొండ, కాజీపేటలలో నాకు తారసపడే ఇంజినీరింగ్ విద్యార్థుల నోట ఒక మాట పదేపదే వింటుంటాను: "వాడి చూశాను అన్నా, నచ్చలేదు, తీసేశాను, ఇక దానితో నాకేం సంబంధం లేదు." ఈ మాటలో మొదటి మూడు ముక్కలూ నిజమే. నాలుగవది మాత్రం నిజం కాదు, అది విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది.

వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీలను ఒకసారి తలచుకోండి. ధర సరిగా లేనప్పుడు రైతు తన మిర్చి బస్తాలను అక్కడ నిల్వ పెట్టి, రసీదు తీసుకొని ఇంటికి వస్తాడు. దారిలో ఆ రసీదును చింపి పారవేస్తే బస్తాలు ఇంటికి నడిచి రావు. లాటు, అంటే ఆ బస్తాల మొత్తం, వివరాలు వారి రిజిస్టరులో ఉన్నట్టే ఉంటాయి, కిరాయి లెక్క కూడా ఆగదు. మీ ఫోనులో ఉన్న యాప్ ఆ రసీదు వంటిది. మీ పేరు, ఈమెయిలు, ఫోను నంబరు, మీరు ఎక్కించిన ఫొటోలు, రాసుకున్న నోట్సు, కృత్రిమ మేధ సేవతో మీరు జరిపిన సంభాషణలు, ఇవన్నీ బస్తాలు. అవి ఆ యాప్ నడిపే సంస్థ సర్వరులో, అంటే వారి కంప్యూటర్లలో ఉంటాయి. యాప్‌ను తొలగించినప్పుడు మీరు చింపుతున్నది రసీదును మాత్రమే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పి తీరాలి. ఖాతా అడగకుండా, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే క్యాలిక్యులేటరు వంటి యాప్‌లు కోల్డ్ స్టోరేజీ జోలికే వెళ్లవు, సరుకు మీ ఇంట్లోనే ఉంటుంది. అటువంటి యాప్‌ను తొలగిస్తే దానిలోని సమాచారం సాధారణంగా ఫోను నుంచి పూర్తిగా పోతుంది. సాధారణంగా అని ఎందుకు అంటున్నానంటే, ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఆటో బ్యాకప్ అనే సదుపాయం ఉంది. యాప్ తయారుచేసినవారు దానిని వద్దనుకోకపోతే, మీ ఫోనులో బ్యాకప్ ఆన్ చేసి ఉంటే, ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకు సమాచారం మీ గూగుల్ ఖాతాలో భద్రపరచబడుతుంది. కొంతకాలం తరువాత అదే యాప్‌ను మళ్లీ దించుకున్నప్పుడు పాత సెట్టింగులు తిరిగి ప్రత్యక్షమవడానికి ఒక కారణం ఇదే. నాకు ఈ సదుపాయం ఇష్టమే. అయితే అది ఉందని తెలిసి వాడుకోవడం వేరు, తెలియక ఆశ్చర్యపోవడం వేరు.

(తెరపై: రిజిస్టరు బొమ్మ, పక్కన నెలనెలా పెరుగుతున్న అంకె)

ఇప్పుడు కిరాయి సంగతికి వద్దాం. కొత్త సేవలను పరీక్షించే వారిని ఎక్కువగా దెబ్బతీసేది ఉచిత ట్రయల్. ఏడు రోజులు ఉచితం అంటారు, అయితే ముందే కార్డు వివరాలో యూపీఐ ఆటోపే (ప్రతిసారీ అడగకుండా డబ్బు తీసుకునే) అనుమతో అడుగుతారు. మీరు రెండవ రోజే విసుగు చెంది యాప్‌ను తొలగిస్తారు, ఎనిమిదవ రోజున ఖాతా నుంచి డబ్బు పోతుంది. దీనిని మోసమని పిలవడానికి వీలు లేదు, ఎందుకంటే యాప్‌ను తొలగించినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదని గూగుల్ తన సహాయ పేజీలో స్పష్టంగానే చెప్పింది. యాపిల్ విషయంలోనూ అంతే. ప్లే స్టోరులో మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అన్న చోటికి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. ట్రయల్ తీసుకున్న వెంటనే రద్దు చేసినా, గడువు ముగిసేదాకా ఆ సేవను వాడుకునే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది కనుక, చివరి రోజు దాకా ఆగడం వల్ల ఒరిగేది తక్కువ.

యాప్ సంస్థ తన వెబ్‌సైటులోనే నేరుగా డబ్బు తీసుకుంటే ప్లే స్టోరులో ఆ సబ్‌స్క్రిప్షన్ కనిపించదు, సంస్థ సైటులో రద్దు చేసుకోవాలి. యూపీఐ ద్వారా అనుమతి ఇచ్చి ఉంటే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి అక్కడ కూడా దానిని ఉపసంహరించండి. రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల మనకు ఒక మేలు జరిగింది: 2021 అక్టోబరు 1 నుంచి కార్డుల మీద నడిచే ఈ ఆటోమేటిక్ చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. అటువంటి సందేశాలను ప్రకటనల గుంపులో కలిపి చదవకుండా వదిలివేసే అలవాటు మనలో చాలామందికి ఉంది.

సంస్థల తప్పు లేదని నేను అనడం లేదు. ఖాతా తెరవడానికి ఒక్క బటను, మూసివేయడానికి మాత్రం తెర తరువాత తెర, ప్రతి తెర మీద "నిజంగా వెళ్లిపోతారా" అన్న దిగులు ముఖం బొమ్మ. నా దృష్టిలో ఇది రూపకల్పనలో లోపం కాదు, కావాలని చేసిన పని. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో జారీచేసిన మార్గదర్శకాలు ఇటువంటి 13 రకాల వంచనాత్మక పద్ధతులను గుర్తించాయి, వాటిలో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు ఒకటి. రద్దు చేసే మార్గాన్ని దాచడం, దానిని అనవసరంగా క్లిష్టం చేయడం దాని కిందికే వస్తాయి.

(తెరపై: ఒకే లాటు, దాని చుట్టూ ముగ్గురు మనుషులు)

మరొక విషయం దీనికంటే తక్కువ మందికి తెలుసు. రైతు తన అడ్తిదారును, అంటే సరుకు అమ్మిపెట్టే కమీషను వ్యాపారిని పిలిచి, "నా లాటులోంచి శాంపిలు తీసి చూపించు" అని అనుమతి ఇచ్చాడనుకుందాం. రసీదు చిరిగిపోయినా ఆ అనుమతి రద్దు కాదు. "గూగుల్‌తో లాగిన్ అవ్వండి" అన్న బటను నొక్కినప్పుడు మీరు ఇటువంటి అనుమతినే ఇస్తారు. మామూలుగా అయితే మీ పేరు, ఈమెయిలు, ఫొటో మాత్రమే వెళ్తాయి. కానీ క్యాలెండరును సర్దే యాప్, మెయిళ్లను సంక్షిప్తం చేసే యాప్, డ్రైవులోని ఫైళ్లను వెతికిపెట్టే యాప్ వంటివి ఇంకా పెద్ద అనుమతి అడుగుతాయి. ఆ పని మీ ఫోనులో కాక వారి సర్వరులో జరుగుతూ ఉంటే, యాప్‌ను తీసేసిన తరువాత కూడా ఆ అనుమతి బతికే ఉంటుంది. గూగుల్ ఖాతా సెట్టింగులలో, ఇతర యాప్‌లతో ఉన్న కనెక్షన్లను చూపే జాబితా ఒకటి ఉంది, అక్కడికి వెళ్లి దానిని తెంచాలి. మీరు కొత్త సేవలు తరచుగా పరీక్షిస్తుంటే ఆ జాబితా పొడవు మిమ్మల్నే కంగారు పెడుతుంది. అయితే కనెక్షన్ తెంచితే ఆగేది ఇకముందు తీసే శాంపిళ్లు మాత్రమే, అడ్తిదారు ఇదివరకే తీసుకుపోయిన శాంపిలు వెనక్కి రాదు.

కనుక క్రమం ముఖ్యం. ముందు సరుకు బయటికి తెచ్చుకోవాలి, అంటే మీకు కావలసిన సమాచారాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. గూగుల్ సేవలకు టేకవుట్ అనే సదుపాయం 2011 నుంచే ఉంది. తరువాత చెల్లింపులను ఆపాలి. ఆ తరువాత ఖాతాను తొలగించి, కనెక్షన్లను తెంచి, అన్నిటికంటే చివరన యాప్‌ను తీసివేయాలి. మనవాళ్లు చివరి పనిని మొదట చేసి, మిగిలినవి మరచిపోతారు.

ఖాతాను తొలగించే బటను ఎక్కడ ఉంటుందని అడిగేవారికి ఒక మాట. యాప్‌లో ఖాతా తెరిచే వీలు ఇచ్చినవారు, దానిని తొలగించే వీలు కూడా యాప్‌లోనే ఇవ్వాలని యాపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది. గూగుల్ ప్లే కూడా 2023లో అటువంటి నిబంధనే ప్రకటించి, యాప్‌ను ఇప్పటికే తీసేసినవారి కోసం వెబ్ లింకు కూడా ఉండాలని చెప్పింది. ప్లే స్టోరులో యాప్ పేజీ మీద డేటా సేఫ్టీ భాగం చూడండి. నా మటుకు నేను ఇన్‌స్టాల్ చేయడానికి ముందే అక్కడ చూసి, సమాచారం తొలగించమని కోరే వీలు లేదని కనిపిస్తే ఆ యాప్‌ను ముట్టుకోను.

డీయాక్టివేట్ చేయడాన్ని తొలగించడంగా పొరబడకండి, అది బస్తాల మీద పరదా కప్పడం మాత్రమే. ఫేస్‌బుక్‌లో నిజంగా తొలగించమని కోరినా, మనసు మార్చుకోవడానికి 30 రోజులు ఇస్తారు, ఆ పైన సమాచారం పూర్తిగా చెరిగిపోవడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్ అన్న చోట ఖాతా తొలగించే దారి ఉంది.

సమయం దగ్గర పడుతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. పరీక్షించడానికి జీమెయిల్ వాడేటప్పుడు చిరునామాలో @ కు ముందున్న మీ పేరుకు ప్లస్ గుర్తు, దాని వెనుక ఆ సేవ పేరు చేర్చి ఖాతా తెరవండి. మెయిళ్లు మీకే వస్తాయి, ఏ సేవకు ఇచ్చిన చిరునామాకు చెత్త మెయిళ్లు వస్తున్నాయో కూడా బయటపడుతుంది, కాకపోతే కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. సిమ్ మార్చే ముందు పాత నంబరుతో ఉన్న ఖాతాలను తప్పక మూసివేయండి లేదా నంబరు మార్చండి, ఎందుకంటే మన దేశంలో రద్దయిన నంబరును 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చు, అప్పుడు మీ ఓటీపీ వారి చేతికి వెళ్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును గుర్తించింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, అవి దశలవారీగా అమలులోకి వస్తాయి. రుణాల యాప్‌లు, పెట్టుబడుల యాప్‌లు మాత్రం వేరే దారి. ఖాతా మూసిన తరువాత కూడా కేవైసీ పత్రాలను చట్టప్రకారం ఐదేళ్లు దాచవలసి ఉంటుంది కనుక, వాటిని వెంటనే చెరిపివేయమంటే కుదరదు. వాటి గురించి వచ్చే వీడియోలో విడిగా మాట్లాడుకుందాం.