గుడ్లగూబకు తెలియకుండా: చలికాలంలో మాటు నుంచి ఫోటోలు

[దృశ్యం: మంచు పరచుకున్న గడ్డి మైదానం, తెల్లవారుజాము]

నమస్కారం. గుడ్లగూబ కళ్లు పెద్దవి చేసుకుని సూటిగా కెమెరా వైపు చూస్తున్న ఫోటోలకు మెప్పు ఎక్కువ. నాకు మాత్రం అవి చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ చూపులో చాలాసార్లు ఉండేది బెదురే. మనం ఉన్నామన్న సంగతే తెలియక అది ఈకలు సవరించుకుంటున్నప్పుడు తీసిన ఫోటో నాకు వెయ్యి రెట్లు ఇష్టం. అలాంటి ఫోటో కావాలంటే మాటు వేయాలి.

చలికాలంలో ఆకులు రాలిన చెట్ల మీద పక్షి తేలిగ్గా కనబడుతుంది. పొడవు చెవుల గుడ్లగూబలు ఒకే తోపులో గుంపుగా చేరి పగలంతా కునుకు తీస్తాయి. పొట్టి చెవులవి వెలుగుండగానే గడ్డి మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ వేటాడతాయి. కానీ వాటికి ఇది గడ్డుకాలం కూడా. మనం ఒక్కసారి లేపి ఎగరగొడితే, కష్టపడి సంపాదించిన తిండి బలం వృథా అయినట్టే.

[దృశ్యం: చెట్టు మొదలు, దగ్గరగా]

ముందు చోటు వెతకాలి. కొమ్మ కింద తెల్లటి రెట్ట చారలు, నేల మీద బూడిద రంగు ఉండలు కనిపిస్తే అక్కడ ఆగండి. ఒక ఉండను పుల్లతో విప్పితే బొచ్చులో చుట్టుకుపోయిన చిట్టి పుర్రె, నారింజ రంగు ముందుపళ్లతో సహా బయటపడుతుంది. అరగని ఎముకలనూ బొచ్చునూ గుడ్లగూబ ఇలా నోటితోనే కక్కేస్తుంది. దగ్గరలో గూడు ఉంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. గ్రేట్ హార్న్డ్ గుడ్లగూబ వంటివి జనవరి, ఫిబ్రవరిలోనే గుడ్లు పెట్టేస్తాయి.

స్థల యజమాని అనుమతి తీసుకుని, మాటు గుడారాన్ని కొద్దికొద్దిగా, కొన్ని రోజుల పాటు నిలబెట్టండి. చీకటి ఉండగానే లోపలికి వెళ్లాలి. పక్షి తనంతట తాను ఎగిరిపోయాకే బయటికి రావాలి.

ఇక శబ్దం. గుడ్లగూబ గుండ్రటి ముఖం శబ్దాన్ని పోగుచేసి చెవులకు చేరుస్తుంది. గ్రేట్ గ్రే గుడ్లగూబ దాదాపు అర మీటరు మంచు కింద కదిలే ఎలుకను కూడా విని పట్టేస్తుంది. అలాంటి చెవికి జిప్పు లాగిన చప్పుడు, నైలాన్ జాకెట్ రాపిడి వినబడకుండా పోతాయా? ఉన్ని బట్టలు వేసుకోండి. కెమెరాలో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడండి. అయితే కొన్ని కెమెరాల్లో దానివల్ల ఎగిరే రెక్కలు వంకరగా పడతాయి, ముందే పరీక్షించుకోండి.

లెన్స్ 500 లేదా 600 మిల్లీమీటర్లు. కూర్చున్న పక్షికి ట్రైపాడ్ మీద షట్టర్ వేగం సెకనులో 125వ వంతు చాలు, ఎగిరేదానికి 2000వ వంతు కావాలి. మంచు తెలుపుకు కెమెరా మోసపోయి ఫోటోను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచండి. గుడారంలో హీటర్ వద్దు. లోపలి వేడిగాలి కిటికీలోంచి బయటి చలిగాలిని తాకి, ఎండాకాలపు రోడ్డు మీద గాలిలా అలలాడుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా స్ఫుటత పోతుంది.

[దృశ్యం: నిటారుగా సాగిన పొడవు చెవుల గుడ్లగూబ]

ఇది చూడండి. ఒళ్లు సన్నగా సాగదీసి, తల మీది ఈక కుచ్చులు నిక్కబొడుచుకుని, ఎండుకొమ్మలా నిలబడింది. అందంగా ఉందని బటన్ నొక్కేస్తారు చాలామంది. అది ప్రమాదాన్ని పసిగట్టిన భంగిమ. ఇలా కనిపిస్తే చేతులు దించేయండి, అది మళ్లీ ఉబ్బి కూర్చునేదాకా కదలకండి. ఎలుకను ఎరగా వేయడం, రికార్డు చేసిన కూత వినిపించడం, ఫ్లాష్ కొట్టడం ఎంత మంచి ఫోటో కోసమైనా తప్పే.

చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, అదనపు వాటిని లోపలి జేబులో ఉంచుకోండి. ఇంటికి వచ్చాక కెమెరాను బ్యాగులోనే మూసి ఉంచి, గది వేడికి అలవాటుపడ్డాకే తీయండి. లేకపోతే లెన్స్ మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. ఫోటో ఎవరికైనా పంపేముందు అందులోని లొకేషన్ వివరాలు తొలగించండి. ఆ తోపు ఎక్కడుందో నలుగురికీ తెలిస్తే మర్నాటికే అక్కడ జనం పోగవుతారు.